కిరాయి ప్రతి నెలా లేటు, అప్పీలు పెండింగు, పైన స్టే: షాపు ఖాళీ చేయించడానికి ఇప్పుడు దారేది?

మల్గి_సికింద్రాబాద్:

అందరికీ నమస్కారం. లాయర్లు, ఓనర్లు, కిరాయిదారులు ఎవరైనా చెప్పండి.

సికింద్రాబాద్‌లో గ్రౌండ్ ఫ్లోర్ షాపు, 420 చదరపు అడుగులు. అయిదేళ్ల రిజిస్టర్డ్ లీజు గడువు తీరింది, రెన్యువల్ రాసుకోలేదు. తర్వాత నెలవారీగా నడిచింది, కిరాయి 58,000. ఏడు నెలల బకాయి పడ్డాక ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇచ్చి సూట్ వేశాం. ఖాళీ చేయాలి, బకాయి 4,06,000 కట్టాలి అని డిక్రీ అయింది. మెస్నే ప్రాఫిట్స్ (హక్కు లేకుండా స్థలం వాడుకున్నందుకు కట్టాల్సిన సొమ్ము) సంగతి విడిగా తేలుస్తామన్నారు.

కిరాయిదారు సిటీ సివిల్ కోర్టులో అప్పీలు వేసి స్టే తెచ్చుకున్నారు. బకాయి ఆరు వారాల్లో కోర్టులో కట్టాలి, ఆపైన నెలనెలా పదో తేదీలోపు 58,000 నా ఖాతాలో వేయాలి అని షరతు. బకాయి కట్టేశారు. నెల డబ్బు మాత్రం ఎప్పుడూ టైముకు రాదు. జూన్‌ది 19న, జూలైది 27న, ఆగస్టు, సెప్టెంబరు రెండూ కలిపి సెప్టెంబరు 14న వచ్చాయి.

ఇలా లేటు చేయడం కొత్త డిఫాల్ట్ కదా, దీని మీద మళ్లీ నోటీసిచ్చి ఇంకో సూట్ వేయాలా? లేక స్టే పోయినట్టే లెక్కేసుకుని నేరుగా ఈపీకి (డిక్రీ అమలు పిటిషన్‌కి) వెళ్లవచ్చా? లేటుగా వచ్చిన డబ్బు తీసుకోవడం వల్ల నా కేసు దెబ్బతింటుందా? తెలిసినవారొకరు స్టే ఆరు నెలలు దాటితే దానంతటదే పోతుందన్నారు, అది నిజమేనా? కిరాయిదారేమో "మీ దగ్గర నా అడ్వాన్స్ 3,48,000 ఉంది, అందులో పట్టుకోండి" అంటున్నారు.

---

సివిల్_సైడ్:

ముందు ఒక మాట సార్. కొత్త నోటీసు ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకండి. మీ పాత నోటీసుతోనే టెనెన్సీ తెగిపోయింది, దాని మీదే డిక్రీ వచ్చింది. చట్టం లెక్కన ఆయనిప్పుడు కిరాయిదారు కారు, స్టే ఉంది కాబట్టి షాపులో కొనసాగుతున్న జేడీఆర్ (డిక్రీ ఎవరి మీద వచ్చిందో ఆ మనిషి), అంతే. మీరు ఇంకో 106 నోటీసు తీసి "మీరు నా కిరాయిదారు, కిరాయి లేటు చేస్తున్నారు, ఖాళీ చేయండి" అని రాశారనుకోండి. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 113 కింద ఇచ్చిన రెండో ఉదాహరణ అచ్చంగా ఇదే. మొదటి నోటీసు గడువు తీరాక అదే మనిషిని కిరాయిదారుగా పెట్టుకుని రెండో నోటీసు ఇస్తే, మొదటిది వదులుకున్నట్టే. అప్పీలులో అవతలి లాయరుకు ఇంతకంటే మంచి పాయింటు దొరకదు.

రెండోది. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 41 రూల్ 5 మొదలయ్యేదే ఆ మాటతో. ఆపేది స్టే ఆర్డరు, అది కూడా అందులో రాసి ఉన్నంత మేరకే. కాబట్టి ఇక్కడ చూడాల్సిందల్లా స్టే ఇంకా బతికి ఉందా, షరతు తప్పితే ఏమవుతుందని ఆర్డరులో రాశారా అన్నదే. సర్టిఫైడ్ కాపీ తీసుకుని షరతు ఉన్న వాక్యాన్ని పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు నుంచి డౌన్‌లోడ్ చేసిన డాకెట్ (వాయిదాల రికార్డు) సారాంశం చాలదు, ఒక్క పదంతో దారి మారిపోతుంది.

---

నోటీస్_బోర్డు:

ఆరు నెలల సంగతి చెప్తాను, దాన్ని నమ్ముకుని దెబ్బతినేవాళ్లు ఇంకా ఉన్నారు. 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు స్టేలకు ఆరు నెలల గడువు పెట్టిన మాట నిజం. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఆ భాగాన్ని కొట్టేసింది. ఇప్పుడు ఏ స్టే కూడా కేవలం టైము గడిచిందని దానంతటదే పోదు. ఆర్డరులోనే ఒక తేదీ వరకు అని రాసి, ఆ తేదీన పొడిగించకపోతే మాత్రం అది వేరే. "ఎక్స్‌టెండెడ్ టిల్" అన్న మాట ప్రతి వాయిదా డాకెట్‌లో ఉందో లేదో చూసుకోండి.

అడ్వాన్స్ విషయం. గూడూరు మోడరన్ హోటల్ కేసు (1989) అని సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, కిరాయిదారు తరఫు వాళ్లు తప్పకుండా చూపిస్తారు. ఓనరు దగ్గర బకాయికి మించిన అడ్వాన్స్ ఉన్నప్పుడు డిఫాల్ట్ అనలేం అన్నది అందులోని సారం. కానీ అది రెంట్ కంట్రోల్ చట్టం కింద వచ్చింది. మీ కేసులో డబ్బు కట్టమన్నది మీరు కాదు, కోర్టు. స్టే షరతుగా నెలనెలా కట్టమన్నాక అడ్వాన్స్‌లో సర్దుకోమనడం కుదరదు. సర్దుబాటు కావాలంటే ఆయనే అప్పీలు కోర్టులో పిటిషన్ వేసుకుని అనుమతి తెచ్చుకోవాలి. లీజు డీడ్‌లో అడ్వాన్స్ క్లాజు ఒకసారి చదవండి. "ఖాళీ చేసిన రోజు వాపసు" అని ఉంటే ఆ వాదన అక్కడితో అయిపోతుంది.

---

మల్గి_సికింద్రాబాద్:

ధన్యవాదాలు అండీ. ఆర్డరు ఇంగ్లీషులో ఉంది, అర్థం ఇది: "అప్పీలు తేలే వరకు డిక్రీ అమలు నిలిపివేయడమైనది. పిటిషనరు ఈ రోజు నుంచి ఆరు వారాల్లో బకాయి మొత్తం కింది కోర్టులో జమ చేయాలి. ఆపైన ప్రతి నెలా 10వ తేదీలోపు రెస్పాండెంటుకు 58,000 చెల్లిస్తూ ఉండాలి." ఇంతే. కట్టకపోతే ఏమిటి అన్నది ఎక్కడా లేదు.

---

సివిల్_సైడ్:

అనుమానపడ్డది అదే. "కట్టని పక్షంలో ఈ స్టే దానంతటదే రద్దు" అన్న వాక్యం లేదు. అది ఉంటే మీరు కింది కోర్టులో ఈపీ వేసి, షరతు తప్పిన తేదీల మెమో, బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టి ముందుకు కదలవచ్చు. లేదు కాబట్టి స్టే కాగితం మీద ఇంకా నిలిచే ఉంది. ఎగ్జిక్యూటింగ్ కోర్టు పై కోర్టు ఆర్డరును తనంతట తాను పక్కన పెట్టదు, "ముందు స్టే వెకేట్ చేయించుకు రండి" అంటుంది. ఈపీ ఫీజు, బత్తా, రెండు మూడు వాయిదాలు వృథా.

మీరు వెళ్లాల్సింది అప్పీలు కోర్టుకే, స్టే రద్దు కోరుతూ ఒక ఐఏతో (మధ్యంతర పిటిషన్‌తో). అఫిడవిట్‌లో ఆవేశం వద్దు, పట్టిక చాలు. నెల, గడువు తేదీ, ఖాతాలో పడిన తేదీ, ఎన్ని రోజుల ఆలస్యం. మీరు చెప్పినవి వేస్తే: జూన్, 10, 19, తొమ్మిది రోజులు. జూలై, 10, 27, పదిహేడు రోజులు. ఆగస్టు, 10, సెప్టెంబరు 14, ముప్పై అయిదు రోజులు. సెప్టెంబరు, 10, 14, నాలుగు రోజులు. వరసగా నాలుగు నెలలు, ఒక్కటీ టైముకు రాలేదు. పక్కనే బ్యాంకు స్టేట్‌మెంటు, బ్యాంకు వాళ్ల ముద్రతో. ఆన్‌లైన్ ప్రింటవుట్ పెడితే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి, పాత 65-బి స్థానంలో వచ్చింది అదే.

ఆ ఐఏలోనే ప్రత్యామ్నాయంగా ఇంకో ప్రార్థన పెట్టండి, ఇది ముఖ్యం: "స్టే రద్దు చేయడం సరికాదని కోర్టు భావిస్తే, ఇకపై ఏ ఒక్క నెల తప్పినా స్టే దానంతటదే రద్దయ్యేలా ఆర్డరును సవరించండి." నిజం చెప్పాలంటే, డబ్బు లేటైనా వచ్చేసింది కాబట్టి మొదటి పిటిషన్‌కే స్టే పూర్తిగా తీసేసే అవకాశం తక్కువ. "ఇంకో అవకాశం ఇస్తున్నాం" అనే ఆర్డరే ఎక్కువగా వస్తుంది. ఆ అవకాశం ఇచ్చేటప్పుడు డిఫాల్ట్ క్లాజు పడేలా చూసుకోవడమే అసలు గెలుపు. తర్వాత తప్పితే మీ పని సులువు.

వాళ్లు దానికి ఎదురు టైము పెంచమని సీపీసీ సెక్షన్ 148 కింద పిటిషన్ వేస్తారు. గడువు దాటిపోయాక కూడా పొడిగించే అధికారం కోర్టుకు ఉంది, మొత్తం 30 రోజులకు మించకుండా అని సెక్షన్ అంటుంది. తన చేతిలో లేని కారణం ఉంటే అంతకు మించీ ఇవ్వవచ్చని 2005లో సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ తీర్పు చెప్పింది. కాబట్టి మీ కౌంటరులో పట్టాల్సింది కారణాన్ని. నాలుగు నెలలు షాపు తెరిచే ఉందా, సరుకు దిగుతూనే ఉందా? ఉంటే "చేతిలో లేని కారణం" ఏమిటో వాళ్లు చెప్పుకోవాలి.

---

కిరాయిదారు_తరఫు:

అవతలి వైపు నుంచి కొన్ని మాటలు, ఎందుకంటే ఓనర్లు వేసే పట్టికలు చాలాసార్లు ఇక్కడే కూలిపోతాయి.

చెక్కు ఇచ్చిన కేసుల్లో ఖాతాలో పడిన తేదీని ఆలస్యంగా చూపిస్తారు. చెక్కు చెల్లితే, చెల్లింపు తేదీ చెక్కు చేతికిచ్చిన రోజే. 9న చెక్కు అందుకుని 13న మీరు బ్యాంకులో వేస్తే ఆ నాలుగు రోజులు మీ లెక్కలోవి. నెఫ్ట్, ఆర్టీజీఎస్ అయితే పేచీ లేదు. కోర్టులో కట్టే డబ్బుకు చివరి రోజు సెలవైతే తర్వాతి పనిదినం వరకు టైముంటుంది.

టీడీఎస్ (ముందే కోసే పన్ను) మరో గొడవ. కిరాయి మీద 10 శాతం కోయాల్సిన బాధ్యత ఉన్న వ్యాపారి అయితే 58,000లో 5,800 కోసి 52,200 వేస్తారు. అది తక్కువ కట్టడం కాదు. మీ పాన్ మీద, ఆదాయపు పన్ను శాఖ పన్ను జమల పట్టిక అయిన 26ఏఎస్‌లో జమ కనిపిస్తే కట్టినట్టే. మీరు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారైతే 18 శాతం, అంటే 10,440 దీనికి చేరుతుంది. అప్పుడు ఖాతాలో పడాల్సింది 62,640. ఈ మూడు అంకెలూ వేరు చేసి చూపించకుండా "తక్కువ వేశారు" అని అఫిడవిట్ వేస్తే, నిజమైన ఆలస్యాల మీద కూడా కోర్టుకు నమ్మకం పోతుంది. కోసిన టీడీఎస్ ప్రభుత్వానికి కట్టలేదని 26ఏఎస్‌లో తేలితే మాత్రం అది గట్టి పాయింటు, దాన్ని వదలకండి.

రెండు మూడు రోజుల ఆలస్యాలు పట్టికలో ఉన్నా మాటల్లో నొక్కకండి. 35 రోజులది ముందు చూపించండి.

---

కిరాయి_లెక్క:

అందరూ తేదీల చుట్టూ తిరుగుతున్నారు, అసలు మెలిక అంకెలో ఉంది. ఆయనెందుకు అప్పీలు సాగదీస్తున్నారు? 420 అడుగులకు 58,000 అంటే అడుగుకు 138 రూపాయలు. ఆ వీధిలో ఇవాళ గ్రౌండ్ ఫ్లోర్ 200 నడుస్తోందనుకోండి, 84,000 కావాలి. నెలకు 26,000 మిగులుతోంది. అప్పీలు రెండేళ్లు నడిస్తే 6,24,000. లాయరు ఫీజు పోనూ లాభమే. ఈ లాభం ఉన్నంతకాలం వాయిదాలు ఆగవు.

దీనికి మందు సుప్రీంకోర్టు 2004 డిసెంబరులో ఆత్మారాం ప్రాపర్టీస్ వర్సెస్ ఫెడరల్ మోటార్స్ కేసులో ఇచ్చింది. ఢిల్లీ కనాట్ సర్కస్‌లో షాపు, నెల కిరాయి 371 రూపాయల 90 పైసలు. అప్పీలు ట్రిబ్యునల్ స్టే ఇస్తూ నెలకు 15,000 కట్టమంది. హైకోర్టు దాన్ని కొట్టేస్తే సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. ఖాళీ చేయమని డిక్రీ అయిన రోజు నుంచి కిరాయిదారు పాత కిరాయితో సరిపెట్టుకోలేడు, ఆ స్థలం వేరేవాళ్లకు ఇస్తే ఎంత వచ్చేదో ఆ రేటున కట్టాలని షరతు పెట్టే అధికారం అప్పీలు కోర్టుకు ఉంది అని చెప్పింది. 2009లో సూపర్ మ్యాక్స్ కేసులో ముగ్గురు జడ్జీలు దీన్నే బలపరిచారు.

మీ స్టే ఆర్డరులో పాత కిరాయే వేశారంటే, ఆ రోజు మార్కెట్ రేటు రుజువులు ఎవరూ పెట్టి ఉండరు. ఇప్పుడు పెట్టండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అదే వీధిలో ఈ రెండు మూడేళ్లలో రిజిస్టరయిన లీజు డీడ్ల సర్టిఫైడ్ కాపీలు తీయండి. డోర్ నంబర్లు తెలిస్తే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) దొరుకుతాయి. రెండు మూడు చాలు, కానీ పోలిక సరిగ్గా ఉండాలి: అదే అంతస్తు, అదే రోడ్డు ముఖం, దాదాపు అదే విస్తీర్ణం. మెయిన్ రోడ్డు బ్యాంకు బ్రాంచి డీడ్ తెచ్చి గల్లీ షాపుకు చూపిస్తే కోర్టు పక్కన పడేస్తుంది. బ్రోకరు లెటర్‌హెడ్ మీద రాయించిన రేటుకు, పదకొండు నెలల అగ్రిమెంట్లకు బలం తక్కువ. రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ పట్టిక అమ్మకానికి సంబంధించింది, దాన్ని కిరాయికి చూపించకండి.

ఇది తాత్కాలిక మొత్తమే. ఆర్డర్ 20 రూల్ 12 కింద మెస్నే ప్రాఫిట్స్ విచారణలో చివరి లెక్క తేలుతుంది, కట్టినదంతా అందులో సర్దుబాటవుతుంది. ఆ విచారణ పిటిషన్ కింది కోర్టులో వేశారా? స్టే దాన్ని కూడా ఆపిందో లేదో ఆర్డరులో చూడండి. ఖాళీ చేయించడాన్ని మాత్రమే ఆపి ఉంటే విచారణ నడిపించుకోవచ్చు.

---

నోటీస్_బోర్డు:

ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం రెండు విషయాలు. పాత బజార్లలో తక్కువ కిరాయి మల్గీలది వేరే చట్టం. తెలంగాణలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయిలకు వర్తించదు, కట్టిన 15 ఏళ్ల దాకా కొత్త బిల్డింగులకూ వర్తించదు. వర్తించే చోట మాత్రం ఓనరు చేతిలో సెక్షన్ 11 ఉంది. బకాయి మొత్తం కట్టి, నెలనెలా కడుతూ ఉంటేనే కిరాయిదారుకు రెంట్ కంట్రోలర్ దగ్గర వాదించే హక్కు, సెక్షన్ 20 కింద అప్పీలు చేసుకునే హక్కు. మధ్యలో ఆపితే, సరైన కారణం చూపకపోతే, విచారణ అక్కడే ఆపేసి స్వాధీనం చేయమని ఆర్డరు ఇస్తారు. సికింద్రాబాద్ ప్రశ్నకు ఇది పనికిరాదు, కిరాయి 58,000. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో కొత్త టెనెన్సీ చట్టం తెచ్చారు, అక్కడివాళ్లు దాని ప్రకారం చూసుకోవాలి.

ఇప్పుడే డిక్రీ వచ్చినవాళ్లు ఆ వారంలోనే అప్పీలు కోర్టులో సెక్షన్ 148-ఎ కేవియట్ వేసుకోండి, 90 రోజులు పనిచేస్తుంది. మీ మాట వినకుండా స్టే రాదు, షరతు రాసేటప్పుడే మార్కెట్ రేటు, డిఫాల్ట్ క్లాజు అడగవచ్చు. అప్పీలు గడువు జిల్లా కోర్టు స్థాయికి 30 రోజులు, హైకోర్టుకు 90. గడువు దాటాక ఆలస్య మాఫీ పిటిషన్‌తో వస్తే, ఆర్డర్ 41 రూల్ 3-ఎ ప్రకారం ఆ పిటిషన్ తేలి, అప్పీలు వింటామని కోర్టు నిర్ణయించే దాకా అమలుకు స్టే ఇవ్వకూడదు. ఈ పాయింటు చాలామంది లేవనెత్తరు.

---

మల్గి_సికింద్రాబాద్:

చాలా స్పష్టత వచ్చింది. పక్క వరసలో రెండు రిజిస్టర్డ్ లీజులు ఉన్నాయని తెలుసు, కాపీలు తీస్తాను. డబ్బు తీసుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. వాపసు పంపాలా? ఒకవేళ స్టే పోతే ఆ రోజు ఏం చేయాలి? షట్టరుకు నేను తాళం వేసుకోవచ్చా?

---

సివిల్_సైడ్:

వాపసు పంపకండి. పంపితే "ఇస్తే తీసుకోలేదు" అంటారు, మీ పట్టిక మొత్తం పాడవుతుంది. నోటీసు తర్వాత డబ్బు తీసుకున్నంత మాత్రాన టెనెన్సీ తిరిగి పుట్టదని సుప్రీంకోర్టు సరూప్ సింగ్ గుప్తా కేసులో (2006) చెప్పింది, చూడాల్సింది ఓనరు ఉద్దేశాన్ని. ఆ ఉద్దేశం కాగితం మీద కనపడాలి. ప్రతి నెలా డబ్బు పడిన రోజే ఈమెయిల్ లేదా రిజిస్టర్డ్ పోస్టులో ఇలా రాయండి: "అప్పీలు నంబరు ఫలానాలో స్టే షరతు మేరకు, ఫలానా నెల స్థలం వాడుకున్నందుకు డ్యామేజీల కింద ఫలానా తేదీన 58,000 ముట్టినది. డిక్రీకి, మా హక్కులకు భంగం లేకుండా స్వీకరించాం. చెల్లింపు గడువు దాటి వచ్చింది." చివరి వాక్యం గడువు దాటిన నెలల్లోనే. రసీదులో, వాట్సాప్‌లో, జీఎస్టీ ఇన్వాయిస్‌లో "కిరాయి" అన్న మాట రానివ్వకండి. మీ అకౌంటెంటుకూ చెప్పండి, సాఫ్ట్‌వేర్ నుంచి "రెంట్ ఫర్ ద మంత్" అని ఇన్వాయిస్ ప్రతి నెలా వెళ్లిపోతూ ఉంటుంది, అదే ఒక రోజు వాళ్ల ఎగ్జిబిట్ అవుతుంది.

తాళం ముచ్చట మరచిపోండి. కరెంటు తీయించడం, నీళ్లు ఆపడం, బోర్డు పీకడం అన్నీ అంతే. స్టే ఉండగా చేస్తే కోర్టు ధిక్కారం. స్టే లేకపోయినా కోర్టు ద్వారా కాకుండా వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు సూట్ వేసి తిరిగి లోపలికి వస్తారు. ఆ సూట్‌లో ఓనరు మీరే అన్నది లెక్కలోకి రాదు.

---

ఈపీ_సెక్షన్:

స్టే రద్దయ్యాక జరిగేది చెప్తాను. రద్దు ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి అదే రోజు అప్లికేషన్ పెట్టండి. ఆర్డర్ 21 రూల్ 35 కింద ఈపీ సిద్ధంగా ఉంచుకోండి. షెడ్యూలులో డోర్ నంబరు, నాలుగు హద్దులు, విస్తీర్ణం డిక్రీలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. డిక్రీలో "షాపు నం. 3", బోర్డు మీద "3/ఎ" ఉంటే అమీనా (వారెంటు అమలు చేసే కోర్టు ఉద్యోగి) ఆ పాయింటు మీదే వారెంటు వాపసు చేస్తారు. తేడా ఉంటే డిక్రీ ఇచ్చిన కోర్టులో ఇప్పుడే సీపీసీ సెక్షన్ 152 కింద సవరణ వేయించండి, ఆఖరి నిమిషానికి వదలకండి. డిక్రీ అయి రెండేళ్లు దాటితే రూల్ 22 నోటీసు తప్పనిసరి అవుతుంది, ఒక నెల అక్కడ పోతుంది.

వారెంటు రోజు షట్టరు మూసి ఉంటే అమీనా తనంతట పగలగొట్టరు. "తాళం వేసి ఉంది" అని రిపోర్టు రాస్తారు. తర్వాత తాళం పగలగొట్టడానికి ఒక ఈఏ (ఈపీలో వేసే పిటిషన్), అడ్డుకుంటే పోలీసు సాయానికి ఇంకో ఈఏ. మొదటి వారెంటు వాపసు రాగానే రెండూ ఒకేసారి వేయండి. లోపలి సరుకు జాబితా పంచుల సమక్షంలో, వీడియోతో తయారు కావాలి. సరుకు ఎవరి కస్టడీలో ఉంచాలో ఆర్డరులోనే రాయించుకోండి, లేకపోతే "ఇరవై లక్షల స్టాకు పోయింది" అన్న కేసు మీ మీదికి వస్తుంది.

ఎక్కువగా ఆగిపోయేది మూడో మనిషి దగ్గర. "నేను సబ్ టెనెంట్‌ని", "నేను పార్ట్‌నర్‌ని" అంటూ ఎవరో నిలబడతారు. మీరు రూల్ 97 కింద పిటిషన్ వేస్తే ఆ హక్కు అదే ఈపీలో తేలుతుంది, వేరే సూట్ అక్కర్లేదు. అందుకే ఇప్పటి నుంచే షాపు బోర్డు, జీఎస్టీ సర్టిఫికెట్ మీద పేరు, ట్రేడ్ లైసెన్స్ పేరు ఫోటోలు తీసి పెట్టుకోండి. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే పేరు, అడ్రసు ఎవరికైనా కనిపిస్తాయి. కొత్త పేరుతో రిజిస్ట్రేషన్ ఉంటే ఆ తేదీ కూడా కనిపిస్తుంది, సూట్ తర్వాత దూరినవాళ్లు డిక్రీకి కట్టుబడాల్సిందే. ఈపీ వేసిన ఆరు నెలల్లో ముగించాలని 2021లో రాహుల్ ఎస్. షా కేసులో సుప్రీంకోర్టు అన్న మాట మీ ప్రతి మెమోలో ఉండనివ్వండి.

---

కిరాయి_లెక్క:

స్టే గొడవతో పాటు అప్పీలు కూడా కదలాలి. కింది కోర్టు రికార్డు పైకి వచ్చిందా? సెక్షన్‌లో అడగండి. చాలా అప్పీళ్లు ఆ కట్ట రాకపోవడం వల్లే ఏడాది కూర్చుంటాయి, ఎవరూ అడగరు. వచ్చి ఉంటే త్వరగా వినాలని ఒక ఐఏ, దానితో పాటే లిఖిత వాదనలు. మీది చిన్న కేసు: లీజు గడువు తీరింది, నోటీసు అందింది, 15 రోజులు గడిచాయి. లేటు కిరాయి లేకపోయినా మీ డిక్రీ నిలబడుతుంది, నెలవారీ టెనెన్సీ తెంచడానికి కారణం చూపాల్సిన పని లేదు. కాబట్టి అప్పీలులో వాదన మొత్తం నోటీసు చెల్లుబాటు మీద పెట్టండి, బకాయిల కథలోకి లాగబడకండి. లీజు గడువు ఇంకా మిగిలి ఉండి, కిరాయి కట్టలేదనే క్లాజు మీద ఫోర్‌ఫీచర్ (లీజు మధ్యలోనే రద్దు) అయిన కేసుల్లో ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 114 ఉంటుంది, బకాయి, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే కోర్టు క్షమించవచ్చు. మీది ఆ రకం కాదు, వాళ్లు 114 ఎత్తితే వెంటనే ఆ తేడా చెప్పాలి.

---

మల్గి_సికింద్రాబాద్:

రికార్డు ఇంకా రాలేదట, ఇప్పుడే కనుక్కున్నాం. ఆఖరుగా ఒకటి. స్టే పోయి షాపు చేతికొస్తే, అప్పీలు తేలకముందే వేరేవాళ్లకు ఇవ్వవచ్చా?

---

సివిల్_సైడ్:

ఇవ్వకూడదని చట్టంలో లేదు. కానీ అప్పీలు వాళ్లు గెలిస్తే సీపీసీ సెక్షన్ 144 కింద షాపు తిరిగి ఇప్పించమని అడుగుతారు, మీ కొత్త మనిషి కూడా ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 52 వల్ల ఆ ఫలితానికి కట్టుబడతాడు. ఇస్తే పదకొండు నెలల లైసెన్స్ అగ్రిమెంటు రాసుకోండి, అప్పీలు నంబరు, పెండింగు సంగతి అందులో పెట్టండి, పార్టిషన్లు కొట్టించే పని ఒప్పుకోకండి. రికార్డు తెప్పించే మెమో మాత్రం వచ్చే వాయిదా దాకా ఆగకుండా ఈ వారమే వేయండి.